చార్టమ్మ, నల్లసంచి మందు

"నేను అద్దం ఇవతల నుంచి కనిపెట్టాను. నువ్వు మంచం పక్కనే నిలబడి కనిపెట్టలేకపోయావా?"

ఈ ప్రశ్న వేసింది ఓ దర్జీ భార్య. వేయించుకున్నది ఆమె సొంత చెల్లెలు, ఛాతీ వార్డులో ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న పెద్ద నర్సు. అక్క ఐదో తరగతితో బడికి దణ్ణం పెట్టేసింది. చెల్లెలికి డిప్లొమా ఉంది, గోడకు రెండు ప్రశంసాపత్రాలున్నాయి.

వార్డులో ఆమెను చార్టమ్మ అనేవారు. మంచం కాళ్ళ దగ్గర వేలాడే అట్ట మీద ఏది రాసుంటే అది జరిగి తీరాలి. ఎనిమిదింటి మాత్ర ఎనిమిదీ పదికి వేసిన నర్సు ఆ పూట కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా ఇంటికెళ్ళేది కాదు. రోగి "నాకు అదోలా ఉందమ్మా" అంటే, "అదోలా అనే గడి నా చార్టులో లేదు. నొప్పా, ఆయాసమా, వాంతా?" అని నిలదీసేది. ఆ వైరస్ జ్వరం రోజుల్లో ఇలాంటివాళ్ళను దేవతలని రాయడం ఓ ఫ్యాషను. దేవతా కాదు, గీవతా కాదు. గడియారం. గడియారంతో చిక్కేమిటంటే, తప్పు వేళ చూపించేటప్పుడు కూడా అదే ధీమాతో చూపిస్తుంది.

ఊపిరాడని వాళ్ళతో వార్డు కిక్కిరిసిన ఆ నెలలో ఛాతీ డాక్టరు కొత్త వైద్యం మొదలుపెట్టాడు. వైరస్ కంటే ఒంట్లో అది రేపే మంటే ఎక్కువ చేటనీ, దాన్ని ఆర్పడానికి యాంటీ ఆక్సిడెంట్లు కావాలనీ ఆయన వాదన. అంటే విటమిన్ సి. మాత్రల్లో కాదు, నరంలోకి, గ్రాముల లెక్కన. అది పనిచేస్తుందని గట్టి రుజువు లేదు, పనిచేయదని తేల్చినవాడూ లేడు. ఆయనకు ఆ సందు చాలు. మందుకు వెలుతురు తగలకూడదని సీసాకు నల్ల పాలిథిన్ సంచి తొడిగేవారు. అలా అది రోగుల బంధువుల నోట నల్లసంచి మందయింది.

"పక్క మంచానికి పెట్టారు, మావాడేం పాపం చేశాడు? మేం డబ్బివ్వమా?" అని వాళ్ళు పోట్లాటకు దిగేవాళ్ళు. వారం తిరిగేసరికి నల్లసంచి లేని మంచం దిక్కులేని మంచమైంది.

ఆ వారమే చార్టమ్మ బావ అదే వార్డులో చేరాడు. దర్జీ, పదిహేనేళ్ళ నుంచి షుగరు ఉన్న మనిషి, నోటికి తాళం లేదు. ఆక్సిజన్ మాస్కు లోంచి కూడా ఆగలేదు.

"ఏమే మరదలా, నిమ్మకాయ పిండి నోట్లో పోస్తే పోయేదానికి ఇంత సీసానా?"

"నోరు మూసుకుని ఊపిరి పీల్చండి బావా."

"నోరూ మూయమంటావు, ఊపిరీ పీల్చమంటావు. ఏదో ఒకటి చెప్పు."

వేలిమీద సూది గుచ్చి రక్తపు చుక్కతో షుగరు చూసే చిన్న మీటరంటే ఆయనకు మంట. దాని పేరు చాడీల పెట్టె. "ఇంట్లో మీ అక్క, ఇక్కడ ఇది."

"మీటరు అబద్ధమాడదు బావా. ఆడేది మీరు."

మర్నాడు చార్టమ్మ డాక్టరు గది తలుపు దగ్గర నిలబడింది. "సార్, ఆయన మా బావండీ. అందరితో పాటు కాకుండా కాస్త..."

"డోసు రెట్టింపు చేద్దామంటారా సిస్టర్?"

"మీ ఇష్టం సార్," అంది, ఇష్టం తనదైనా. ఇరవై ఆరేళ్ళలో తనవాళ్ళ కోసం ఆమె నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కటే.

నాలుగో రోజుకు ఎక్స్‌రే తేటపడింది, ఆక్సిజన్ తగ్గించారు. ఆ పొద్దున తొమ్మిదింటికి మీటరు మూడువందల ఎనభై ఆరు చూపించింది. ఆయాసానికి స్టెరాయిడ్ కూడా పడుతున్నవాళ్ళకు షుగరు పెరగడం మామూలే, ఎవరికీ అనుమానం రాలేదు. చార్టు ప్రకారం పన్నెండు యూనిట్ల ఇన్సులిన్ ఇచ్చింది. పదకొండింటికి నాలుగువందల రెండు. ల్యాబుకు రక్తం తీసి పంపి, ఇంకో పద్నాలుగు యూనిట్లు ఇచ్చింది. బావ చాడీల పెట్టెను ఏమీ అనలేదు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, వేళ్ళు వణుకుతున్నాయి.

"బావా?"

"కత్తెర... కత్తెరేదీ?"

వేళాకోళమనుకుంది. డాక్టరు దూరం నుంచే చూసి, "చెమట పడితే మంచిదే, జ్వరం దిగుతోంది," అన్నాడు.

బంధువుల్ని లోపలికి రానివ్వని వార్డు అద్దం అవతల అక్క దబదబా బాదుతోంది. వేళ్ళు ముడిచి నోటిదాకా తెచ్చి చూపిస్తోంది: చక్కెర, చక్కెర పెట్టు. పదిహేనేళ్ళ జబ్బులో, షుగరు పడిపోయినప్పుడు పట్టే ఆ చెమటను ఆమె ఎన్నిసార్లు చూసిందో! చార్టమ్మకు సైగ అర్థమైంది. అర్థం కాకపోవడం కాదు. మీటరు తెచ్చి అద్దానికి ఆనించి అంకె చూపించింది. అక్క చేయి దించేసింది. అంకెతో ఎవరు వాదిస్తారు?

పన్నెండింటికి ల్యాబు మాస్టారు ఫోన్ చేశాడు. "సిస్టర్, మీ పదకొండింటి రక్తంలో షుగరు నలభై ఒకటి."

"నాలుగొందల పదా?"

"నలభై ఒకటమ్మా."

రక్తం ఎక్కువసేపు నిలవుంటే అందులో షుగరు పడిపోతుందని ఆమెకు తెలుసు. తెలియకపోతే బాగుండేది. "మీ దగ్గర గంటసేపు పడుంది మాస్టారూ. మళ్ళీ పంపుతాను," అని, చార్టులో గుండ్రటి అక్షరాలతో 'ల్యాబు శాంపిల్ లోపం' అని రాసింది.

ఒంటిగంటకు ఫిట్స్ వచ్చాయి. రెండో శాంపిల్లో పంతొమ్మిది. అప్పుడు గ్లూకోజు ఎక్కించారు.

మాస్టారు తనే మెట్లెక్కి వచ్చాడు. మీటరు పెట్టెలో దూది దాచుకుంటున్నారు. దూది తీసి, అడుగున మడతపెట్టి ఉన్న కాగితం విప్పి, చీమతలకాయంత అక్షరాల మీద వేలు పెట్టాడు. ఒంట్లో విటమిన్ సి మరీ ఎక్కువైతే ఈ మీటరు దాన్నే షుగరని లెక్కపెడుతుంది. ల్యాబు మిషనుకు ఆ జబ్బు లేదు.

బావ చావలేదు. ఊపిరితిత్తులు బాగయ్యాయి, షుగరు అందక మెదడు పోయింది. "మందు పనిచేసింది సిస్టర్, ఛాతీ అద్దంలా ఉంది," అన్నాడు డాక్టరు, ఆయన్ని కోలుకున్నవాళ్ళ జాబితాలో ఇరవై మూడో నంబరుగా ఎక్కిస్తూ. "వైరస్ మెదడుకెక్కిందని ఇంట్లో చెప్పండి. చాలామందికి ఎక్కుతోంది. ఎవరడుగుతారు?"

ఎవరూ అడగరు. ఉద్యోగం, అక్క, ఆదివారాల భోజనం, అన్నీ అలాగే ఉంటాయి. ఒక్క అబద్ధం చాలు. దానికీ చార్టులో గడి లేదు. ఆమె 'ల్యాబు శాంపిల్ లోపం' మీద గీత కొట్టి, 'మీటరు తప్పు, చూసుకోనిది నేను' అని రాసి సంతకం పెట్టింది. తర్వాత అక్కకు చెప్పింది. నిజం చెబితే బరువు దిగుతుందంటారు. ఎవరికి దిగిందో కనుక్కోవాలి. అక్క ఏడవలేదు, తిట్టలేదు. అద్దం మాట అడిగింది.

వారానికే ఆసుపత్రి ఆమెను ఇంటికి పంపింది. చార్టు దిద్దినందుకని కాగితంలో రాశారు.

అక్క కబురు పెట్టింది. క్షమించి కాదు. "ఆయా అంటే నెలకెంత అడుగుతున్నారో తెలుసా? పొద్దునే రా. స్నానం చేయించు, అన్నం తినిపించు, పో. నాతో మాట్లాడకు."

రోజూ వెళ్తుంది. బావ కుట్టుమిషను ముందు కూర్చుని కొలతటేపు చివర నములుతుంటాడు. ఆమె తీసేస్తుంది, ఆయన ఏడుస్తాడు, మళ్ళీ ఇచ్చేస్తుంది. ఓ రోజు ముద్ద పెడుతుంటే ఆమె వేలు గట్టిగా కొరికాడు. వంటింట్లోంచి అక్క తొంగిచూసి, "రక్తమొచ్చిందిగా, షుగరు చూసుకో," అంది.

ఉద్యోగం పోవడంతో బావ ఆసుపత్రి బిల్లులో స్టాఫ్ రాయితీ కూడా రద్దయింది. బావకు ఎక్కించిన నల్లసంచులు పద్నాలుగు. బిల్లుకు హామీగా ఉన్నది చార్టమ్మ సంతకం. ఐదు సంచుల డబ్బు కట్టింది. తొమ్మిది సంచులది ఇంకా కట్టాలి.