అమ్మ ప్రయాణం మూడుసార్లు సర్దిన ఏడాది

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం నుంచి చలికాలం దాకా మా ముందుగదిలో సూట్‌కేసు తెరిచే ఉండేది... దాన్ని దాటుకుంటూనే బడికి పోయేదాన్ని, దాన్ని దాటుకుంటూనే ఇంట్లోకి వచ్చేదాన్ని.

నాన్న యూనివర్సిటీ ఆఫీసులో క్లర్కు. క్యాంపస్ వెనకవైపు క్వార్టర్స్‌లో మా ఇల్లు. అమ్మ తార్నాకలో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. మాల్దీవుల్లో ఏదో దీవి మీద బడికి టీచర్లు కావాలంటే, సికింద్రాబాద్‌లో ఒక ఏజెంటు ద్వారా అమ్మకి ఉద్యోగం కుదిరింది. రెండేళ్ళు కష్టపడితే మల్కాజ్‌గిరిలో సొంతంగా రెండు గదులు వేసుకోవచ్చని ఆశ...

విదేశం పోవాలంటే ఏమేం కావాలో మా ఇంట్లో ఎవరికి తెలుసు? ఒకరు అక్కడ చింతపండు దొరకదన్నారు. ఇంకొకరు కూరగాయలు పడవ మీద వస్తాయన్నారు. అమ్మ చింతపండుకి గింజలు తీసి, ఉప్పు కలిపి, ఉండలు చేసి డాబా మీద ఎండబెట్టింది. కందిపొడి కొట్టింది. గోంగూర పచ్చడి డబ్బాల మూతలకి ప్లాస్టిక్ కవర్లు చుట్టి గట్టిగా కట్టింది. కళ్ళద్దాలు రెండో జత చేయించుకుంది. నొప్పి లేని పన్ను కూడా డాక్టరుకి చూపించుకుంది. "అక్కడ నొప్పొస్తే నేను ఎవరి దగ్గరికి పోతానండీ" అనేది నాన్నతో.

పాత పేపర్లు కొనే దుకాణంలో త్రాసు మీద సూట్‌కేసు తూయించారు. బరువెక్కువైంది. అమ్మ కొన్ని చీరలు తీసేసింది గానీ లెక్కల పుస్తకాలు తీయలేదు.

ఇక మిగిలింది నా జుట్టు. అప్పట్లో నాకు నడుము దాకా జడ ఉండేది. కత్తిరించేయమని అందరూ చెప్పారు. అమ్మ ఒప్పుకోలేదు. "కత్తిరిస్తే అద్దంలో చూసుకున్నప్పుడల్లా దానికి నేను లేనని గుర్తొస్తుంది. మీరే జడ వేయడం నేర్చుకోండి" అంది నాన్నతో. పాపం నాన్న... ఆఫీసు నుంచి వచ్చి, కిటికీ ఊచకి మూడు పాత రిబ్బన్లు కట్టుకుని అల్లడం మొదలుపెట్టాడు. తర్వాత నా తల మీద. మొదట్లో బడికి చేరేలోపే ఊడిపోయేది.

మొదటిసారి తేదీ చెప్పగానే అమ్మ బడిలో రాజీనామా ఇచ్చేసింది. చర్చివాళ్ళు ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు, అందరికీ భోజనాలు పెట్టాం. మర్నాడు ఏజెంటు వీసా ఇంకా రాలేదన్నాడు. రెండోసారి ఆటో వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాక పక్కింటికి ఫోన్ వచ్చింది, ఆగమని...

అమ్మ మళ్ళీ అన్నీ తీసి సర్దింది. పచ్చడి పాడవుతుందని మేమే తిన్నాం. సముద్రం దాటాల్సిన గోంగూర మా అన్నంలోకే వచ్చింది.

పక్కింటి సత్తెమ్మ ఆంటీ రోజూ అడిగేది, "ఏంది టీచరమ్మా, ఇంకా పోలే?" అని. ఆమె మనసులో ఏ చెడూ లేదు. కానీ వీధిలో ప్రతి ఒక్కరూ అదే అడిగేసరికి అమ్మ తార్నాకలో కూరగాయలకి పోవడం మానేసింది. బస్సెక్కి నల్లకుంట దాకా పోయేది. చర్చిలో కూడా వెనక వరసలో కూర్చుని, ప్రార్థన అవగానే ముందుగా లేచి వచ్చేసేది.

ఒకరోజు అన్నం తింటూ నాన్న అన్నాడు, "పోనీలే సుగుణా... మళ్ళీ ఆ బడిలోనే అడుగుదాం."

అమ్మ నాన్న పళ్ళెంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. "అడిగానండీ. నా చోట్లో ఇంకొకామెని తీసుకున్నారంట."



మూడోసారి కబురొచ్చినప్పుడు అమ్మ లేవలేదు. కుర్చీలో కూర్చునే, "నాకు ఓపిక లేదండీ, ఈసారి మీరే సర్దండి" అంది. నేనూ నాన్నా సర్దాం. ఏది ఎక్కడ పెట్టాలో మాకు అప్పటికి కంఠతా వచ్చేసింది. చీరలు కింద, పుస్తకాలు మధ్యలో, మందులు పక్కన. ఏదో అడుగుదామని వెనక్కి తిరిగితే అమ్మ కుర్చీలోనే నిద్రపోయింది... చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని. లేపబోతుంటే నాన్న వద్దని సైగ చేశాడు.

ఈసారి ఎవరికీ చెప్పలేదు. ముగ్గురమే ఆటోలో సికింద్రాబాద్ స్టేషన్‌కి పోయాం. త్రివేండ్రం దాకా రైలు, అక్కడి నుంచి విమానం. ప్లాట్‌ఫాం మీద అమ్మ నన్ను వెనక్కి తిప్పి, అలవాటుగా జడ విప్పబోయింది. చివర రిబ్బను పట్టుకుని ఆగిపోయింది. పైనుంచి కింద దాకా ఒకసారి చేత్తో నిమిరింది.

"బాగానే వేశారు" అంది నాన్నతో.

విప్పకుండా అట్లాగే వదిలేసింది. రైలు కదిలాక నాకు అర్థమైంది, ఈసారి అమ్మ నిజంగానే పోతోందని. అప్పటిదాకా నాకు నమ్మకం లేదు...

రెండేళ్ళు అనుకున్నది మూడేళ్ళయింది. మల్కాజ్‌గిరిలో రెండు గదులు లేచాయి. తిరిగొచ్చిన అమ్మ నా కంటే పొట్టిగా కనిపించింది. కొన్నాళ్ళు నాతో కొత్త చుట్టం లాగా మాట్లాడింది. నన్ను పేరు పెట్టి కాకుండా "అమ్మాయ్" అని పిలిచేది. ఆ కొత్త పోవడానికి కొంత కాలం పట్టింది. ఆ మూడేళ్ళ గురించి నాన్నా అడగలేదు, నేనూ అడగలేదు, తనంతట తానుగా అమ్మ కూడా ఎప్పుడూ ఎక్కువ చెప్పలేదు.

ఇవాళ నేనూ ఒక సెమినార్‌కి దేశం దాటి పోతున్నా. వీసా, టికెట్టు, ఇన్సూరెన్సు... అన్నీ ఫోన్‌లోనే అయిపోయాయి. ఒళ్ళు మాత్రం పది ఇళ్ళు మారినట్టు అలిసిపోయి ఉంది. నేను సర్దుతుంటే ఇంట్లోకి ఎవరూ వచ్చి కూర్చోలేదు, అక్కడ ఏది దొరకదో చెప్పలేదు. పక్క ఫ్లాటువాళ్ళకి నేను ఊళ్ళో లేనన్న సంగతి కూడా తెలియకపోవచ్చు.

మీ ఇంట్లో మొదట దేశం దాటిందెవరు? వాళ్ళు సర్దుకుంటుంటే మీరెక్కడ కూర్చుని చూశారు? ఓపికుంటే కింద రాయండి... విమానం ఆలస్యమని ఇప్పుడే చెప్పారు, ఒక్కొక్కటీ చదువుతూ కూర్చుంటా.