మోగలేదంటే భయం లేదనుకున్నారు

సారపాకలో మా ఇంట్లో ఒక పాత లాప్‌టాప్ ఉంది. ఇంటర్నెట్‌లో పెట్టే గోదావరి నీటిమట్టాన్ని చూసి, వరద ఎక్కడిదాకా వస్తుందో లెక్కగట్టి, ప్రమాదమనిపిస్తే మా చిన్నమ్మకు ఒక రింగిచ్చే ప్రోగ్రామ్ అందులో నేనే రాసి పెట్టాను. చిన్నమ్మది నది ఒడ్డు పల్లె. గోదావరి ఊరి దారిలో ఉన్న వాగులోకి ఎగదన్నిందంటే వాళ్లకు దారి ఉండదు. ఫోన్ ఎత్తక్కర్లేదు, మోగితే మూటాముల్లె సర్దుకుని గట్టెక్కాలి, అంతే. మిస్డ్‌కాల్ మీదే సగం సంసారాలు నడిచే మా వైపు ఇది ఎవరికీ విడమరిచి చెప్పే పని లేదు.

మా ఆయనకు ఒక జబ్బుంది. తెరమీద అప్‌డేట్ అని కనిపిస్తే వేలు ఆగదు. ఆ వానాకాలం ఒక పొద్దున, నేను కాలేజీలో పాఠం చెబుతుంటే, షిఫ్టు దిగొచ్చి ఆ పని కానిచ్చాడు. నా ప్రోగ్రామ్‌కు లెక్కలు చేసిపెట్టే పెద్ద లైబ్రరీ ఒకటుంది. దాని మీద ఆధారపడే చిన్న ప్యాకేజీలు కొన్ని. పెద్దది కొత్త వెర్షన్‌కు మారి పాత పద్ధతులు తీసేసింది, చిన్నవేమో ఇంకా పాతవే అడుగుతున్నాయి. పాత సీసాకు కొత్త మూత, మర పట్టదు. ప్రోగ్రామ్ ఎర్రక్షరాల్లో ఏదో రాసి ఆగిపోయింది. చూసే దిక్కెవరు?

మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో ఎవరో గోదావరి బాగా పెరిగిందన్నారు. ఎందుకైనా మంచిదని చిన్నమ్మకు ఫోన్ చేస్తే, నీళ్లు పెరట్లోకి వచ్చాయని తాపీగా చెప్పింది. ఇంకా ఇంట్లో ఏం చేస్తున్నావని అరిచాను.

"నీ ఫోన్ మోగలే గద బిడ్డా. మోగలేదంటే భయం లేదనుకున్నం. అందరు పిల్లల్ని గూడ వాగవతలి బడికి తోలిన్రు."

అందరూనా? ఒక్క చిన్నమ్మ కోసం పెట్టిన రింగు అది! ఊరంతా దాని మీదే ఉందని నాతో ఒక్కరైనా అన్నారా? అందరినీ గట్టెక్కించమని, పిల్లల్ని బళ్లోనే ఆపమని పంతులుకు కబురు చేయమని చెప్పి, ఇంటికి పరుగెత్తాను.

ఇల్లు చేరేసరికి అందరూ క్షేమమని ఫోన్ వచ్చింది. ముందు ఏడుపొచ్చింది, వెంటనే కోపం. లాప్‌టాప్‌ను ఏం చేశావని మా ఆయన్ని నిలదీశాను.

"ఏం జెయ్యలేదే. పాతయి తీసి అన్ని లేటెస్టే పెట్టిన," అన్నాడు, మెచ్చుకుంటానేమోనని చూస్తూ. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

పెద్ద లైబ్రరీని మళ్లీ పాత వెర్షన్‌కు దించాను. దానితో పొసగే ప్యాకేజీల వెర్షన్లన్నీ కదలకుండా బిగించి, లాప్‌టాప్‌లో ఇంకేం మారినా సోకకుండా వాటిని విడిగా పెట్టాను. ప్రోగ్రామ్ ఆగితే నాకు తెలిసే ఏర్పాటూ చేశాను.

వరద తీశాక పల్లెకు వెళ్లాను. మునుపు వానాకాలమంతా రేవులో కూర్చుని నీళ్లు చూస్తూ, పెరిగితే ఊరిని హెచ్చరించే మనిషి ఒకాయన వాళ్లకుండేవాడు. ఇక నా రింగు ఒక్కదాన్నే నమ్మొద్దు, ఆయన్ని మళ్లీ కూర్చోబెట్టండి అన్నాను. చిన్నమ్మ నన్ను వింతగా చూసింది.

"ఆయన యాడున్నడు బిడ్డా? నీ ఫోనుండంగ రేవుల ఆయనెందుకని, మేమే అశ్వారావుపేట పామాయిల్ తోటలకు కూలికి తోలినం."