సీటు మీద పేపర్

శ్రీనివాసరావుగారి ఫియట్ కారును పద్దెనిమిదేళ్ళు బతికించింది మా నాయిన యోబు. మేడ్చల్ రోడ్డు మీద ఆయన మెకానిక్ షెడ్డు. ఆ బండి ఏ వానకు మొరాయిస్తుందో, క్లచ్ ఎప్పుడు పట్టేస్తుందో యజమాని కంటే మా నాయినకే బాగా తెలుసు. అయినా ఆయన లోపల కూర్చునే ముందు ఆ పెద్దమనిషి డాష్‌బోర్డు అరలోంచి పాత పేపర్ తీసి సీటు మీద పరిచేవాడు. గ్రీజు బట్టలు కదా అని నాయిన సర్దుకునేవాడు. సరే. మరి ఈస్టర్ నాడు, బండి స్టార్ట్ కావడం లేదంటే చర్చి నుంచి నేరుగా తెల్లచొక్కాతో వెళ్ళినప్పుడు? అప్పుడూ పేపరే. నేను కళ్ళారా చూశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

2002లో శ్రీనివాసరావుగారు కొత్త కారు కొని, ఫియట్ నువ్వే తీసుకోవయ్యా అన్నాడు. మా అమ్మ ఝాన్సీ శామీర్‌పేటలో ఒక ఆసుపత్రిలో ఆయా. రోజూ పొద్దున్నే నాయిన స్కూటర్ మీద దింపేవాడు. ఆ గుంతల్లో ఆమె నడుం పట్టేసేది. రోజూ తిరగడానికి ముప్పై ఏళ్ళ బండేంటని షెడ్డులో అందరూ నవ్వారు. నాయినకు మాత్రం అదంటే ప్రాణం. అమ్మే ఒప్పుకోలేదు.

"నిన్ను పేపర్ మీద కూసోబెట్టిన బండి నాకొద్దు," అంది.

చివరికి అమ్మను ఒకసారి ఎక్కించి చూద్దామని ముగ్గురం వెళ్ళాం. నాయిన షెడ్డు బట్టల్లోనే ఉన్నాడు. శ్రీనివాసరావుగారు తాళాలు ఇచ్చి, "అలా శామీర్‌పేట దాకా తిప్పుకు రావయ్యా యోబూ," అని వరండాలోనే కూర్చున్నాడు. ఆరోజు ఆయన పేపర్ పరచలేదు. మా నాయినే పరిచాడు. ఎవరూ చెప్పకుండానే అర తెరిచి, పేపర్ తీసి, ముడతలు లేకుండా సర్ది, దాని మీద కూర్చున్నాడు.

మేడ్చల్ దాటాక అమ్మ అడిగింది.

"గా పేపరెందుకు ఏసినవ్?"

"అలవాటు."

"ఎవరు నేర్పిన్రు గా అలవాటు? రేపు కొంటే మనదైతది గదా. మన బండిల గూడ పేపర్ మీదనే కూసుంటవా?"

నాయిన శామీర్‌పేట చెరువు దగ్గర బండి ఆపాడు. దిగి, పేపర్ లాగి, ఉండచుట్టి అవతల పారేశాడు. ఆ గ్రీజు ప్యాంటుతోనే సీటు మీద కూర్చుని వెనక్కి ఆనుకున్నాడు. ఆయన అంత కోపంగా గేరు మార్చడం నేనెన్నడూ చూడలేదు.

తిరిగొచ్చాక శ్రీనివాసరావుగారు బండి చుట్టూ తిరిగి, డ్రైవర్ తలుపు దగ్గర ఆగిపోయాడు. లేతరంగు సీటు మీద ఇంత నల్లటి మరక.

"ఏంటయ్యా ఇది? పేపర్ వేసుకోవాలని తెలీదా? నువ్వు వద్దంటే రేపు దీన్ని ఇంకెవరు కొంటారు?"

నాయిన తాళాలు తిరిగి ఇవ్వలేదు. జేబులో వేసుకున్నాడు.

"ఇంకెవరో ఎందుకు కొంటరు సార్," అన్నాడు. "నా సీటే గద."