యోహాను గంటల లెక్క

హుజూర్‌నగర్ పక్క ఊళ్లో ట్రాక్టరు కిరాయికి దున్నే యోహానుకు లోకమంతా గంటల్లోనే అర్థమవుతుంది. బండికున్న గంటల మీటరు ఎంత తిరిగితే అంత కిరాయి. చేలో సద్ది విప్పే ముందు ఆయన తప్పకుండా ఇంజన్ ఆపుతాడు. నోట్లో ముద్ద ఉండగా మీటరు తిరిగితే రైతు సొమ్ము తిన్నట్టేనని ఆయన పట్టింపు. కూతురు రూతుకు ఇంట్లోంచే చేసే కొలువొచ్చి, ఏడాదికి రెండు లక్షల ఎనభై ఎనిమిది వేలని తెలిసి ఊరంతా నోరెళ్లబెడితే, ఆయన మాత్రం "గంటకెంత పడ్డట్టు?" అనుకుంటూ బానెట్ మీది దుమ్ములో వేలితో భాగహారం చేశాడు. నెలకు ఇరవయ్యారు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు. నూట పదిహేను వచ్చింది. కూలికి పోయే రూతు తల్లికి గంటకు డెబ్భై దాటదు మరి. మీసం దువ్వుకున్నాడు.

ముసురు పట్టి బండి కొట్టంలోనే ఉన్న రోజున ఇంటిపట్టున ఉండి చూశాడు. మధ్యాహ్నం మూడైనా పిల్ల ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. పక్కన కంచంలో అన్నం ఎండిపోతోంది. రోజూ పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా ఇంతేనని తల్లి చెప్పింది. యోహాను కొట్టంలోకెళ్లి, పాత అంకెను అరచేత్తో తుడిచి, పన్నెండు గంటలకు మళ్లీ లెక్క కట్టాడు. డెబ్భై ఏడు. లోపలికొచ్చాడు.

"జర ఆపి తిను బిడ్డా."

"ఆపితే పని చేస్తలేనని కంపెనోళ్లకు కనబడ్తది నాయినా," అంది రూతు, తల తిప్పకుండానే.

ఆయన చేతులు కడుక్కొచ్చి, వేడన్నంలో పప్పు కలిపి, ఆమె పక్కన కూర్చున్నాడు.

"సరే, మీటరు తిరగనియ్యి. నువ్వు నోరు తెరువు."