మూడో భాగంలో కొడుకు

మరైగూడలో మా పక్కింటి పెద్దమ్మ నా ఫోన్‌లో అంతరిక్షం సినిమాలు చూసేది. కథలో తప్పు కనబడితే బస్సును ఆపినట్టు చెయ్యెత్తేది. ఒక సినిమాలో వేరే గ్రహంలో తప్పిపోయిన కొడుకు మూడో భాగంలో తిరిగొచ్చే చోట ప్రతిసారీ ఆ చెయ్యి లేచేది. ఆ వేషానికి నటుణ్ణి మార్చారు, చెంప మీది గాటు కూడా మరిచిపోయారు. సినిమాలో తల్లి మాత్రం ఏ అనుమానమూ లేకుండా అతణ్ణి కావలించుకుంటుంది.

“ఏందిది? కన్నతల్లికి తెల్వదా? ఎవడ్రా నువ్వని ఆమె అడిగితే గదా అసలు కథ!” అని తిట్టేది.

ఆమె కొడుకు కూడా పనికని పోయాడు, ఏళ్ళు గడిచినా జాడ లేదు. నిరుడు వానాకాలం ఏట్లో దొరికిన శవాన్ని చూడమని పోలీసులు బీజాపూర్ ఆసుపత్రికి పిలిచారు. తోడు వెళ్ళాను. ముఖం ఆనవాలు పట్టేలా లేదు. కానీ ఆమె కొడుక్కి చిన్నప్పుడే కొడవలి తగిలి కుడిచేతి చిటికెనవేలు పోయింది. ఆ శవానికి వేళ్ళన్నీ ఉన్నాయి. ఆమె ఒక్కొక్కటే తడిమి చూసింది.

“మా వోడే,” అంది.

తెచ్చి ఊళ్ళో పూడ్చాము.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆమే మూడో భాగం పెట్టమంది. తెర మీద కొడుకు వచ్చాడు. ఆమె చెయ్యి లేవలేదు. నేనే ఆపబోయాను.

“ఆపకు బిడ్డా. ఎదురుచూసి ఎదురుచూసి ఆ తల్లి అలిసిపోయింది.”