మా నూతి నీళ్ళలో ఆలిచిప్పలు

జమీందారీ ఎస్టేటు పోయాక తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బోయిగూడలో కొన్న బంగళాని నాన్నగారు ముక్కలుగా అమ్మేశారు. మాకు మిగిలింది రెండు గదులు, ఒక నుయ్యి. కుళాయి పెట్టించుకోలేదు. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ నీళ్ళే ఇచ్చేవారు. తాగకుండా వెళ్ళినవాళ్ళ ప్రస్తావన మళ్ళీ మా ఇంట్లో వచ్చేది కాదు.

ఊరంతా కంప్యూటర్లు నేర్చుకుంటున్న రోజుల్లో నేను కాలేజీ లాబ్‌లో చెరువు ఆలిచిప్పల మీద పరిశోధన చేసేవాణ్ణి. మురుగునీళ్ళలో ఉంటే వాటికి రోగాన్ని ఎదుర్కొనే శక్తి ఎంత తగ్గుతుందన్నది నా ప్రశ్న. సన్నటి సూదితో చిప్ప రక్తం ఒక బొట్టు తీసి, ఎర్రరంగు పట్టించిన ఈస్టు కలిపితే, ఆరోగ్యంగా ఉన్న కణాలు దాన్ని మింగేస్తాయి. మురుగులో ఉన్న చిప్పల కణాలు పక్కనే ఉన్నా ముట్టుకోవు. ఒక తొట్టిలో మురుగునీళ్ళు పోశాను, పోల్చడానికి ఇంకో తొట్టిలో మంచినీళ్ళు కావాలి. ఆలోచించకుండా మా నూతి నీళ్ళు మోసుకెళ్ళి పోశాను. వాటిని పరీక్షించాలని నాకు తోచనే లేదు.

ఆరు నెలలకు చూస్తే రెండు తొట్లలోనూ కణాలు ఒకేలా చచ్చుబడి ఉన్నాయి. చిప్పలు తెచ్చిపెట్టే ముసలి అటెండరు తొట్టిలోకి తొంగిచూశాడు.

"ఏంది సార్, గీ మంచి తొట్టిలోయి సుత మూతి ముడుసుకుని కూసున్నయ్. గింత బింకమా! మీ చుట్టాలే అయ్యుంటయ్."

కాలేజీ కుళాయి నీళ్ళు క్లోరిన్ పోయేలా రెండురోజులు ఆరుబయట ఉంచి, కొత్త చిప్పలు వేశాను. నెల తర్వాత కూడా వాటి కణాలు ఈస్టుని శుభ్రంగా మింగాయి. ఆ సాయంత్రం ఇంటి వెనక్కి వెళ్ళి చూశాను. కంప్యూటర్ కోర్సుల పిల్లల కోసం కొత్తగా కట్టిన హాస్టలు సెప్టిక్ ట్యాంకు మా గోడకి అవతల, నూతికి ఆరడుగుల దూరంలో ఉంది.

"నాన్నగారూ, కొన్నాళ్ళు నీళ్ళు కాచి తాగుదామండి."

"నీకు జలుబు చేసిందా?"

"లేదండి."

"అయితే ఎందుకూ?"

మర్నాడు గైడ్ మేడమ్ అడిగింది. "ఆ రెండో తొట్టి నీళ్ళు ఎక్కడివి?"

చెబితే నుయ్యి పేరు థీసిస్‌కి ఎక్కుతుంది, మున్సిపాలిటీవాళ్ళు వచ్చి మూసేస్తారు.

"తొట్టి సరిగ్గా కడగలేదు మేడమ్."

"నువ్వా? టీ గ్లాసు మూడుసార్లు కడిగే మనిషివి!" అని ఆరు నెలల లెక్కలూ కొట్టేసింది.

మోండా మార్కెట్‌లో బ్లీచింగ్ పౌడర్ కొన్నాను. తెల్లవారుతుండగా నాన్నగారు పూజలో ఉన్నప్పుడు నూతిలో కలిపాను. మొదటి గుక్కకే ఆయన ఉమ్మేశారు.

"హాస్టలు వెధవలు మన నూతిలో ఏదో పోశారురా!"

మధ్యాహ్నానికల్లా ఇనుప మూత చేయించి, తాళం వేయించి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు. వాసన పోయేదాకా నీళ్ళన్నీ తోడిపోయించారు. మళ్ళీ ఊరాక మొదటి గ్లాసు తనే ముంచి నా చేతికిచ్చారు.

"ఇక భయం లేదు. తాగు."

తాగాను.