పాత లైబ్రరీ తీసేసిన మంగళవారం

నాకో జబ్బుంది. తయారుగా దొరికే సాఫ్ట్‌వేర్ వాడను. ముడి కోడ్ తెచ్చుకుని నా కంప్యూటర్లోనే కంపైల్ చేసుకుంటాను, అంటే యంత్రానికి అరిగే రూపంలోకి వండుకుంటాను. లోకమంతా పది నిమిషాల్లో పెట్టుకునే బ్రౌజర్‌కి తెనాలిలో మా ఇంట్లో ఒక పూట పడుతుంది. ఆ పూటంతా ఫ్యాన్ హోరుమంటుంటే మా ఆవిడ టీవీ సౌండ్ పెంచుతూ ఉంటుంది.

"ఏవండీ, ఆ పెట్టె పొద్దస్తమానం వండుతూనే ఉంటుంది. వడ్డించేదెప్పుడండీ?" అని ఒకసారి అడిగింది. మిరపకాయలు ఎండబెట్టి కారం కొట్టించుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, ప్యాకెట్ కారం గొప్పతనం నాకెలా ఎక్కుతుంది?

నేను పాఠాలు చెప్పేది బాపట్ల దగ్గర ఒక కాలేజీలో. అక్కడ మా ల్యాబ్ చూసుకునే అతను నాకంటే పదేళ్లు చిన్న. అతని కంప్యూటర్లో అన్నీ రెడీమేడ్ సరుకులే. "ఏమయ్యా, ఇవాళ కర్రీ పాయింట్ నుంచి ఏం తెచ్చావు?" అని రోజూ పలకరించేవాణ్ణి. "నాకు కూర కావాలి సార్, పొయ్యి కాదు" అనేవాడు. అతన్నెలాగైనా నా మతంలో కలుపుకుందామని ల్యాబ్‌లో ఒక పాత మిషన్లో నా సిస్టమే పెట్టి అతనికి అప్పజెప్పాను. అతను థాంక్సండి అన్నాడు. వాడుతున్నాడో లేదో నేను మళ్లీ అడగలేదు.

ఈ వంటలో ఒక చిక్కుంది. లైబ్రరీ అనేది ఒకటుంటుంది. పుస్తకాలది కాదు, పది ప్రోగ్రాములు కలిసి వాడుకునే ఉమ్మడి సామాను. ఇంటికంతా ఒకటే రోలు లాంటిది. రోలు మారిస్తే పాత పొత్రం అందులో తిరగదు. అలాగే లైబ్రరీ మారితే దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాములన్నిటినీ మళ్లీ కంపైల్ చెయ్యాలి. ఈ లెక్కలన్నీ చూసే పెద్దమనిషి ప్యాకేజీ మేనేజర్. కొత్త లైబ్రరీ పెట్టాక అది వినయంగా ఒక మాట చెబుతుంది. పాతదాన్ని ఇంకా ఫలానా ఫలానావాళ్లు వాడుతున్నారు, వాళ్లందర్నీ మళ్లీ తయారు చేసేదాకా పాతది కూడా ఉంచుతున్నాను అని.

మా అమ్మదీ ఇదే పద్ధతి. గిన్నె అడుగున ఒక చెంచా పెరుగు ఉంచకుండా ఎవరైనా ఊడ్చేస్తే ఆవిడ ఊరుకునేది కాదు. రేపటి పాలకి తోడు వెయ్యాలి, అవి తోడుకునేదాకా పాతది ఉండాల్సిందే. లేకపోతే పొద్దున్నే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లాలి. ఆవిడకి అంతకంటే చిన్నతనం ఇంకోటి లేదు. ఆ ఇంట్లోనే పెరిగిన నాకు మాత్రం పాత సామాను చూస్తే ఒళ్లు మంట.

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. రేపల్లెలో తెలుగు టీచరు. ఏటా పిల్లల చేత తలా ఒక పేజీ రాయించేది. విషయం ఒకటే, ఇంట్లో వాళ్లు చేసే పని. వలలు బాగుచెయ్యడం, నారు మోయడం, గేదెని కాలవ దాటించడం. ముప్ఫై ఏళ్ల కాయితాల్లోంచి నూట ఇరవై పేజీలు ఏరింది. రిటైరయ్యే ఆదివారం నాడు అవి రాసినవాళ్లందరికీ పుస్తకంగా ఇవ్వాలని ఆమె కోరిక. వాళ్లలో చాలామంది ఇప్పుడు పిల్లల తల్లులు, తండ్రులు. పక్కనున్న నగరం అనే ఊరి వైపు ఆటో తోలుకునే ఒకతను తన పేజీ ఉందో లేదో కనుక్కోవడానికి మూడుసార్లు ఫోన్ చేశాడట.

టైపు, పుటల అమరిక నా పని. అడిగి తీసుకున్న పని. శుక్రవారం మధ్యాహ్నం లోపల ఫైలు చేతికిస్తేనే ఆదివారానికి పుస్తకాలు ఇవ్వగలనని తెనాలి ప్రెస్ ఆయన ఖండితంగా చెప్పాడు.

మంగళవారానికి పుటలన్నీ సిద్ధం. కానీ శీర్షికల్లో ఒత్తులు కింది గీతకి తగులుతున్నాయి. వెంట్రుకవాసి. అక్షరాల్ని కూర్చే లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చిందని చూశాను. ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే నేనెందుకవుతాను! అదీ, దాంతోపాటు ఇంకో పాతికా అప్‌డేట్ చేశాను. ప్యాకేజీ మేనేజర్ ఎప్పటిలాగే పాతవాటిని ఉంచుతున్నానని పొడుగాటి జాబితా చూపించింది. డిస్క్ కూడా నిండిపోయేలా ఉంది. ఎలాగూ పోయేవే కదా, పీడా పోతుందని ఆ పాతవన్నీ నా చేత్తో తీసేశాను. తీసేశాక మళ్లీ కంపైల్ మొదలుపెట్టాను.

మొదలే కాలేదు. నేను పారేసినవాటిలో కంపైలర్ తన లెక్కలకి వాడుకునే లైబ్రరీ కూడా ఉంది. అది కనబడటం లేదని ఒక్క ముక్క చెప్పి కంపైలర్ కూలబడింది. దాన్ని తయారు చెయ్యాలంటే కంపైలర్ కావాలి. కంపైలర్ లేవాలంటే అది కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. అప్పుడు గుర్తొచ్చి పుటల ప్రోగ్రాము తెరవబోయాను. అదీ తెరుచుకోలేదు. పిల్లల మాటలు భద్రంగానే ఉన్నాయి గాని, నెల రోజులు కూర్చుని అమర్చిన పుటలు ఆ ప్రోగ్రాము లేనిదే బయటికి రావు.

బుధవారమంతా కుస్తీ పట్టాను. సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఏరా, ప్రెస్‌కి ఇచ్చావా?"

"ఇచ్చినట్టేనక్కా."

"సరేలే" అని పెట్టేసింది. ఇంకో మాట అడగలేదు. ఆ నమ్మకానికి నాకు కళ్లనీళ్లొచ్చినంత పనైంది. ఆటో అతను తన పేజీ కోసం వచ్చి ఉత్త చేతులతో వెళ్లడం తలుచుకుంటే అన్నం సయించలేదు.

గురువారం పొద్దున రైలెక్కి బాపట్ల వెళ్లాను. పక్కింటికి గిన్నె పట్టుకెళ్లినట్టే ఉంది. మా ల్యాబ్ అతనికి సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"మీరు పెట్టిన మిషన్ ఉంది కదండీ. అందులో తయారైన ప్రతిదానికీ ఒక కాపీ మూటకట్టి ఉంచమని సెట్టింగ్ మార్చాను సార్. చెబితే మీరు తిడతారని చెప్పలేదు" అన్నాడు. నాకు కావలసిన పాత లైబ్రరీ అక్కడుంది. ఎవరో వండి పెట్టిన సరుకు. పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు, అరచేతిలో మూలకి సరిపోయేంత.

"ఈ సంగతి స్టాఫ్‌రూమ్‌లో..." అని నసిగాను.

"ఏ సంగతి సార్?" అన్నాడు. గుమ్మం దాటాక మాత్రం వెనకనుంచి వినబడింది, "కూర ఎలా ఉందో రేపు చెప్పండి సార్."

అతన్ని అన్నాళ్లు ఎగతాళి చేసినందుకు సిగ్గేసింది. తిరుగు రైల్లో తెనాలి వచ్చేదాకా ఆ పెన్‌డ్రైవ్ జేబులో ఉందో లేదో తడుముకుంటూనే ఉన్నాను. ఇంటికొచ్చి ఆ పాత లైబ్రరీ దాని చోట పెట్టగానే కంపైలర్ లేచి కూర్చుంది. మర్నాడు కాఫీ వేళకి అన్నీ తయారయ్యాయి, పుటలు తెరుచుకున్నాయి. పదకొండింటికి ఫైలు ప్రెస్‌లో ఇచ్చాను. ఇంతా చేస్తే ఒత్తులు గీతకి తగులుతూనే ఉన్నాయి.

ఆదివారం పుస్తకాల కట్టలతో రేపల్లె రైలెక్కాను. స్కూలు వసారా నిండా జనం. ఆటో అతను తన పేజీ తెరిచి కూతురి చేత చదివించుకున్నాడు, రెండుసార్లు. అక్క అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఒత్తుల సంగతి ఎవరికీ పట్టలేదు.

సభ అయ్యాక స్టాఫ్‌రూమ్‌లో అక్కకి జరిగిందంతా చెప్పాను. అబద్ధమాడినందుకు తిడుతుందనుకున్నాను. ఆమె లేచి వెళ్లి బీరువా తీసింది. పై అరలో తాడు కట్టిన పుస్తకాల కట్టలు. అవే నూట ఇరవై పేజీలు, పిల్లల చేతిరాతలోనే, వంకర టింకర అక్షరాలు, నాసి కాయితం. ఇక్కడి జెరాక్స్ షాపులో కొట్టించి కుట్టించిందట. నేను పని మొదలుపెట్టిన నెలలోనే.

"నా మీద నమ్మకం లేదా అక్కా?" నిజంగానే నొచ్చుకున్నాను.

"నమ్మకం ఉండబట్టే నీది పంచానురా. నీ సంగతి తెలుసు కాబట్టి ఇవి దాచాను. అమ్మ పెరుగు గిన్నె ఎప్పుడన్నా ఊడ్చనిచ్చిందా?"

బుధవారం నాటి "సరేలే" ఏంటో అప్పుడు అర్థమైంది. కళ్లనీళ్లు అనవసరంగా ఖర్చయ్యేవి.

"సరే, అయిపోయింది కదా. ఇంక ఇవి తీసెయ్" అన్నాను.

"ఇంకా పదకొండు మంది రాలేదురా. వాళ్లకీ నీ పుస్తకం అందనీ, చూద్దాం" అని అక్క బీరువాకి తాళం వేసింది.